ఒక్క చలికాలం ఆగండి

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మా అమ్మ అడిగింది, "ఇంతకీ ఆ కంపెనీలో నువ్వు చేసే పనేంటే?" అని. అమ్మ లూథరన్ మిషన్ వారి బడిలో టీచరు. ఏ సంగతైనా మూడో తరగతి పిల్లలకి అర్థమయ్యేలా చెప్పలేకపోతే అది మనకే అర్థం కాలేదని ఆవిడ నమ్మకం. నేను కాసేపు ఆలోచించి, "వేరే కంపెనీల వాళ్ల పని మేం తీసుకుని చేసిపెడతామమ్మా" అన్నాను.

"మరి అప్పటిదాకా ఆ పని చేస్తున్నవాళ్లు ఏం చేస్తారు?" అంది అమ్మ, చారుకి పోపు పెడుతూ.

నేను వినపడనట్టు ఊరుకున్నాను. ఆ ప్రశ్న నా ఎదుటికొచ్చి కూర్చోడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాను.

ఇప్పుడు రిటైరై కొవ్వూరులో ఉంటున్నాను. మా వీధిలో పిల్లలు కొందరు ఈ మధ్యే పెద్ద పెద్ద కన్సల్టింగ్ కంపెనీల్లో చేరారు. కనిపించినప్పుడల్లా "లోపల ఎలా ఉంటుందండీ ఆంటీ?" అని అడుగుతుంటారు. ఏం చెప్పను? అక్కడ మనిషిని రిసోర్స్ అంటారు. చేతిలో పని లేకపోతే బెంచ్ మీద ఉన్నాడంటారు, నిజానికి అక్కడ బెంచీ ఏదీ ఉండదు, భయం మాత్రం ఉంటుంది. నిప్పంటుకుంటే ఎటు పరిగెత్తాలో ఏడాదికోసారి కంప్యూటర్లో పాఠం చదివి పరీక్ష రాయాలి. కోవిడ్ రోజుల్లో ఇంట్లోంచి పనిచేసినప్పుడు కూడా రాశాను, మా వంటింటికి ఎమర్జెన్సీ ద్వారం లేదని తెలిసి కూడా.

ఇంకో ఆచారం, రంగులు. ప్రతి వారం ప్రాజెక్టు ఎలా ఉందో పైవాళ్లకి రంగులో చెప్పాలి. పచ్చ అంటే బాగుంది, పసుపు అంటే కాస్త బెంగ, ఎరుపు అంటే మునిగిపోతున్నాం. ఎరుపు పెట్టామా, ఎందుకు ఎరుపని అడగడానికి పదిమంది ఫోన్లు చేస్తారు. వాళ్లకి జవాబులు చెప్పడంలో అసలు పని ఆగిపోయి నిజంగానే మునుగుతాం. అందుకని తెలివైనవాళ్లందరూ పచ్చే పెడతారు. నేనూ పెట్టేదాన్ని.

ఇవన్నీ ఎగతాళికి చెబుతున్నాను గానీ నాకా ఉద్యోగం ఇష్టమే. గోదావరి గట్టున పుట్టినదాన్ని, ఎక్కడెక్కడి మనుషుల పనులో దగ్గరగా చూశాను. ఓడల సరుకు ఎలా లెక్కపెడతారో, ఇంకో దేశంలో పాలు ఇళ్లకెలా చేరతాయో నాకు తెలుసు. అలా తెలుసుకున్న పనుల్లో చివరిది హీటర్ల పని.

కోవిడ్ తగ్గాక మాలో చాలామంది హైదరాబాదు తిరిగి వెళ్లమని మొండికేశారు. కంపెనీ వాళ్లు కూడా కొంచెం దిగొచ్చి రాజమండ్రిలో ఒక చిన్న ఆఫీసు తెరిచారు. దొరికిన చోటు ఒక ఫంక్షన్ హాలు పై అంతస్తు. కింద పెళ్లిళ్లు, పైన మేము. "అద్దాలన్నీ డబుల్ వేయించానండి, చీమ చిటుక్కుమన్నా పైకి వినపడదు" అన్నాడు ఓనరు. నిజమేననుకున్నాం, శ్రావణమాసం వచ్చేదాకా.

దానికి ముందు ఆషాఢంలో మాకు ఈ పని వచ్చింది. ఉత్తర ఐరోపాలో ఒక చలిదేశం. ఇళ్లల్లో హీటర్లు బాగుచేసే కంపెనీ అది. మనకి హీటరంటే స్నానానికి వేణ్ణీళ్లు. అక్కడ చలికాలంలో ఇంట్లో హీటరు ఆగిపోతే సాయంత్రానికల్లా గోడలు మంచుగడ్డలవుతాయి. ముసలివాళ్లో పసిపిల్లలో ఉన్న ఇల్లయితే ప్రాణం మీదికొస్తుంది. జనం ఫోన్ చేసి చెబుతారు. ఎవరింటికి ముందు వెళ్లాలి, ఏ మెకానిక్ వెళ్లాలి, ఏ దారిన వెళ్లాలి అన్నది ఒక కంప్యూటర్ ప్రోగ్రాము తేలుస్తుంది. ఆ ప్రోగ్రాముని ఎన్నో ఏళ్ల కిందట రాసి, అప్పట్నించీ కంటికి రెప్పలా చూసుకుంటున్నది ఒకే ఒక్కావిడ. అరవైకి దగ్గర పడిన మనిషి. ఇకమీదట దాన్ని మేం చూసుకోవాలి. దాని లోతుపాతులన్నీ ఆవిడ మాకు నేర్పాలి. దీన్ని మా భాషలో కేటీ అంటారు, అంటే తెలిసినవాళ్లు తెలియనివాళ్లకి పని అప్పజెప్పడం. మేం నేర్చేసుకున్నామని చెప్పిన రోజున పత్రాల మీద సంతకాలవుతాయి. ఆ రోజుతో ఆవిడ ఉద్యోగం అయిపోతుంది.

టీములో ఇంకా కొందరున్నారు గానీ ఈ కథకి ఇద్దరు చాలు. ఒకడు మండపేట కుర్రాడు. కుర్రాడంటున్నాను గానీ ముప్పై దాటినవాడు, ఒక పాప తండ్రి. వాళ్ల నాన్న రైస్ మిల్లులో లారీ డ్రైవరు. ఏం చెప్పినా "ఆయ్" అని తలూపి, చెప్పినదానికన్నా ఎక్కువ చేసుకొచ్చే మనిషి. రెండోది అంతర్వేది దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె నుంచి వచ్చిన అమ్మాయి. వాళ్ల నాన్న వేటకెళతాడు, అమ్మ చేపలమ్ముతుంది. రోజూ పంటు మీద గోదావరి దాటి నరసాపురంలో చదువుకున్న పిల్ల. మనసులో మాట దాచుకోవడం చేతకాదు దానికి.

మొదటి నెల ఘోరంగా గడిచింది. మాకు మధ్యాహ్నం, వాళ్లకి పొద్దున. ఆవిడ వీడియో కాల్‌లో చేరేది, కెమెరా ఆపేసి. మేం ప్రశ్నలడిగితే "అవును", "కాదు", "అది రాసే ఉంది కదా", ఇవే జవాబులు. మా ఇంగ్లీషు మాకు పరాయిది, ఆవిడ ఇంగ్లీషు ఆవిడకి పరాయిది. మధ్యలో నల్లటి తెర. అడిగిందానికి అబద్ధం చెప్పదు. అడగనిది ఒక్క ముక్క చెప్పదు.

ఒకరోజు కాల్ అయ్యాక ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చి నిలబడింది. "మేడమ్, ఒక మాట అడగనా అండి? మనం ఎంత బాగా నేర్చుకుంటే ఆవిడ అంత తొందరగా ఇంటికెళ్లిపోతారు కదండీ?"

"అవునమ్మా."

"మరి ఆవిడ మనకెందుకు నేర్పాలండీ?"

వంటింట్లో పోపు పెడుతూ అమ్మ అడిగిందే మళ్లీ నన్ను ఇంకొకరు అడిగినట్టయింది. "నేర్పడం ఆవిడ ఉద్యోగం, నేర్చుకోవడం మన ఉద్యోగం" అని ఏదో మేనేజరు మాట చెప్పి పంపించేశాను. ఆ పిల్ల "అలాగేనండి" అంది గానీ ఒప్పుకోలేదని మొహం చెబుతూనే ఉంది.

ఆ వారంలోనే కింద పెద్ద పెళ్లి. ముహూర్తం సరిగ్గా మా కాల్ మధ్యలో పడింది. నేనేదో అడుగుతున్నాను, కింద ఒక్కసారిగా గట్టిమేళం మొదలైంది. డబుల్ అద్దాలు గజగజలాడాయి. సన్నాయి, డోలు, మధ్యలో బాణాసంచా. మ్యూట్ చేద్దామంటే కంగారులో వేరే బటన్ నొక్కాను. చప్పుడు తగ్గాక "క్షమించండి, క్షమించండి" అని పదిసార్లు చెప్పాను.

అప్పుడు నల్లటి తెర వెలిగింది. పొట్టి తెల్లజుట్టు, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. నెలరోజుల్లో ఆవిడ మొహం చూడడం అదే మొదటిసారి.

"ఎవరైనా పోయారా, పెళ్లా?" అని అడిగింది.

"పెళ్లండి."

"చూపించండి."

మా అమ్మాయి ఇంకో మాటకి ఆగలేదు. ల్యాప్‌టాప్ ఎత్తుకుని బాల్కనీలోకి పరిగెత్తింది. అక్కడినుంచి కిందికి మండపం బాగా కనిపిస్తుంది. తలంబ్రాలు పోసుకుంటున్నారు. పెళ్లికూతురు దోసిలి నిండా తీసి గుమ్మరిస్తోంది, పెళ్లికొడుకు తల వంచి తప్పించుకోబోతున్నాడు. "ఆ అమ్మాయి ఆయన నెత్తిన పోస్తున్నదేంటి?" "బియ్యమండి." "ఎందుకు?" "మంచి జరగాలనండి. ఎవరు ఎక్కువ పోస్తే వాళ్ల మాట చెల్లుతుందని కూడా అంటారండి." ఆవిడ పెద్దగా నవ్వింది. ఆ రోజు హీటర్ల మాట ఇంకెవరూ ఎత్తలేదు.

మర్నాడు కాల్‌లో చేరగానే, "ఎవరి మాట చెల్లుతోంది ఆ ఇంట్లో?" అని అడిగింది. కింద పెళ్లి చేసుకున్నవాళ్లంతా మా చుట్టాలేననుకున్నట్టుంది. మేం కాదనలేదు. మండపేట కుర్రాడు మహా గంభీరంగా, "అమ్మాయిదేనండి" అన్నాడు.

ఆవిడ పూర్తిగా మారిపోయిందని చెబితే అబద్ధమవుతుంది. కొన్ని రోజులు కెమెరా ఉండేది, కొన్ని రోజులు ఉండేది కాదు. కానీ అడగనివి చెప్పడం మొదలుపెట్టింది. ప్రోగ్రాములో ఒకచోట వింత నియమం ఒకటుంది. చలి బాగా ముదిరితే ఒక ప్రాంతం నుంచి వచ్చిన ఫోన్లు, ఎంత ఆలస్యంగా వచ్చినా, అన్నిటికన్నా ముందుకొస్తాయి. ఎందుకో ఎక్కడా రాసి లేదు. తప్పేమో, తీసేద్దామా అని అడిగాం.

"తీస్తే చంపుతాను" అంది నవ్వుతూనే. "అది దీవి. మధ్యాహ్నం దాటితే పడవ ఉండదు. మెకానిక్ ఆ పడవ తప్పిపోతే అక్కడివాళ్లు రాత్రంతా చలిలోనే."

మా అమ్మాయి చటుక్కున అంది, "అంటే చివరి పంటు అండి!" పంటు అంటే ఏంటో ఆవిడకి చెప్పింది. బళ్లనీ మనుషుల్నీ ఎక్కించుకుని గోదావరి దాటించే పడవ. ఆఖరిది వెళ్లిపోయాక వాళ్ల పెద్దమ్మకి నొప్పులొస్తే పొద్దు పొడిచేదాకా రేవులోనే కూర్చున్న సంగతి చెప్పింది. "బిడ్డ?" అంది ఆవిడ. "బాగానే ఉన్నాడండి, ఇప్పుడు ఆ పంటు మీదే టిక్కెట్లు కొడతాడు." ఆ తర్వాత ఆవిడ ఆ దీవి గురించి ఆ అమ్మాయికే చెప్పేది, మాకెవరికీ కాదు.

కార్తీకం వచ్చేసరికి మేం పని నడుపుతుంటే ఆవిడ పక్కనుండి చూసే దశకి వచ్చాం. అక్కడ చలి అప్పుడప్పుడే మొదలవుతోంది. ఒకరోజు ప్రోగ్రాము మధ్యలో ఆగిపోయింది. మండపేట కుర్రాడు కంగారుపడకుండా, పద్ధతిగా, నేర్చుకున్నట్టే మళ్లీ మొదలుపెట్టాడు. అంతా పచ్చగా కనిపించింది. నేను మెచ్చుకోబోతున్నాను కూడా.

"ఆపండి" అంది ఆవిడ. "అందరికన్నా ముందు ఫోన్ చేసిన మనిషి ఇప్పుడెక్కడున్నాడో చూడండి."

చూశాం. పొద్దున్నే ఫోన్ చేసి ఎదురుచూస్తున్న ఒక ముసలాయన వరుసలో అట్టడుక్కి పోయాడు. మళ్లీ మొదలుపెట్టగానే పాత ఫోన్లన్నీ అప్పుడే వచ్చిన కొత్త ఫోన్లలా లెక్కకొచ్చాయి. ఆవిడ మాతో ఇంకేం మాట్లాడకుండా తన సెల్లు తీసి ఒక మెకానిక్‌కి ఫోన్ చేసింది. ఆ ముసలాయన ఇంటికి అతను వెళ్లాడని తెలిసేదాకా మేమంతా ఆవిడ మొహమే చూస్తూ కూర్చున్నాం. ఆయనకి ఏమీ కాలేదు. దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాడట.

కుర్రాడు మాత్రం లేచి మెట్ల దగ్గరికెళ్లి కూర్చున్నాడు. నేను వెళ్లి పక్కన కూర్చుంటే, "రాజీనామా చేసేస్తానండి" అన్నాడు. "ఏ పుస్తకంలోనూ లేని సంగతి నీకెలా తెలుస్తుంది?" అన్నాను. "ఆయనకి మా నాన్న వయసుంటుంది మేడమ్. అంతా బాగుందనుకున్నానండి. బాగుందనుకున్నాను చూడండి, అదీ నా బాధ." వాణ్ని ఓదార్చడం నా వల్ల కాలేదు. మర్నాడు ఆవిడే వాణ్ని పిలిచి ప్రోగ్రాము ఆగిపోతే వరుస చెడకుండా ఎలా కాపాడాలో పొద్దంతా నేర్పింది. కోప్పడలేదు, జాలి కూడా పడలేదు. వాడికి అదే మందయింది.

ఇంతలో సంతకాల రోజు దగ్గరపడింది. ముందురోజు మధ్యాహ్నం హైదరాబాదు నుంచి మా బాస్ ఫోన్ చేశారు. నాకన్నా చిన్నవారు, మర్యాదస్తులు.

"మేడమ్, రేపు క్లయింటు పెద్దలందరూ ఉంటారు. మీరు ఒక్క మాట అంటే చాలు, మేం రెడీ అని. అంతేనండి."

"రెడీయేనాండీ మనం?"

"అన్ని రంగులూ పచ్చగానే పంపించారు కదండీ మీరు?"

నిజమే, నేనే పంపించాను. ఫోన్ పెట్టేసి ఆ ఇద్దరినీ పిలిచాను. "ఉన్నది ఉన్నట్టు చెప్పండి. బాగా చలి ముదిరిన రోజున, ఆవిడ లేకుండా నడపగలమా?"

"నడపగలమేమోనండి" అంది అమ్మాయి.

"ఏమో అంటే?"

"ఏమో అంటే ఏమోనేనండి."

కుర్రాడు తన సీటుకెళ్లి ఆ ముసలాయన ఫోన్ వచ్చిన రోజు రికార్డు మళ్లీ తెరిచాడు. కింద కుర్చీలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది.

మర్నాడు మీటింగులో తెర నిండా మొహాలు. అటు కంపెనీ పెద్దాయన, ఆయన చుట్టూ నలుగురైదుగురు. ఇటు మా బాస్, మేము. ఒక మూల నల్లటి చదరం, అదే ఆవిడ. నా వంతు వచ్చింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో క్లయింటుతో కాదన్న మాట అన్నది లేదు. మా వృత్తిలో ఆ మాట ఉండదు, "చూద్దామండి" అనేది ఉంటుంది.

"పద్ధతులన్నీ నేర్చుకున్నామండి" అన్నాను. "కానీ మీ చలికాలం మేం చూడలేదు. ఒక్క చలికాలం ఆగండి. ఆవిడ మా పక్కన ఉండగా అది గడిపి, మంచు కరిగాక సంతకాలు పెట్టుకుందాం."

ఫోన్లో బాస్ మెసేజీ మెరిసింది: "ఏం చేస్తున్నారండీ మీరు?" అటు పెద్దాయన, "దీనికి మీరు అదనంగా ఏమైనా అడుగుతారా?" అన్నాడు. లేదన్నాను, అనే హక్కు నాకు లేకపోయినా. ఆయన నల్లటి చదరం వైపు తిరిగి ఆవిణ్ని పేరుపెట్టి పిలిచి అడిగాడు: "మీరు చెప్పండి. వీళ్లు రెడీయేనా?"

ఇంకేముంది, ఆవిడ నా మాటే అంటుందనుకున్నాను.

"రెడీయే" అంది ఆవిడ. గొంతు మొదటి నెల గొంతులా ఉంది. "నేనే నేర్పాను. నా మీద ఎవరూ జాలిపడక్కర్లేదు."

అప్పుడు తెలిసింది, నా మాట ఆవిడకి ఎలా వినపడిందో. అందులో కొంత నిజం కూడా ఉంది. నేను అడిగిందాంట్లో సగం ఆవిడ కోసమే. బాస్ మొహం మళ్లీ వెలుగుతోంది.

అప్పుడు మా గదిలోంచే ఒక గొంతు లేచింది. మీటింగులో మాట్లాడే వరుసలో లేనివాడు, మైకు తెరవకూడనివాడు, మండపేట కుర్రాడు.

"సర్, నేను రెడీగా లేనండి" అన్నాడు. ఇంగ్లీషు తడబడుతోంది, మాట మాత్రం తడబడలేదు. "మొన్న ఒక పెద్దాయన్ని వరుసలో వెనక్కి తోసేసింది నేనే. ఆవిడ ఆపకపోతే నాకు తెలిసేది కూడా కాదు. ఆవిడ బాగా నేర్పారు. నేనే ఇంకా నేర్చుకోవాలి. చలి లేకుండా చలి సంగతి నేర్చుకోలేను సర్."

తెరమీద అందరూ అలాగే బిగుసుకుపోయారు. నెట్ ఆగిపోయిందేమోననుకున్నాను. చివరికి ఆ పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "మా అమ్మ ఇంట్లో హీటరు ఆగినా ఈ వరుసలోకే వస్తుంది" అన్నాడు. "చలికాలం అయ్యాక కలుద్దాం."

ఆ తర్వాత అందరూ చప్పట్లు కొట్టారని రాయాలనుంది గానీ జరిగింది వేరు. బాస్ ఫోన్ చేసి అరిచారు. మర్యాదగానే, "అండి" వదలకుండా అరిచారు. ఆ ఏడాది నాకు రావలసిన ప్రమోషన్ ఇంకొకరికి వెళ్లింది. వ్యాపార ప్రాధాన్యాలు గుర్తెరిగి నడుచుకోవాలని నా గురించి రాశారు. కాస్త బాధపడ్డాను, ఆ ఆదివారం మా ఆయన పులస పేరు చెప్పి ఏదో మామూలు చేపే తెచ్చి పులుసు పెడితే తిని మరిచిపోయాను. ఎన్నాళ్లకో, నా రిటైర్మెంటు రోజున, బాస్ రాజమండ్రి దాకా వచ్చి శాలువా కప్పి పక్కకి పిలిచారు. "ఆ రోజు మీ మీద నేను అరిచింది మీరు విన్నారు. నా మీద పైవాళ్లు అరిచింది మాత్రం మీదాకా రానివ్వలేదండి" అన్నారు. కుర్రాడి పేరు పైకి వెళ్లకుండా కూడా ఆయనే చూసుకున్నారని అప్పుడే తెలిసింది. మీకూ ఒక బాస్ ఉంటారు. ఆయన అరుపులే మీకు వినపడతాయి, ఆయన మింగినవి వినపడవు. గుర్తుపెట్టుకోండి.

ఆవిడ మాత్రం చాన్నాళ్లు నాతో ముభావంగానే ఉంది. కెమెరా ఆపేసింది. నాతో "అవును", "కాదు". ఆ ఇద్దరితో మామూలుగానే మాట్లాడేది. ఒకరోజు ధైర్యం చేసి, "మిమ్మల్ని చిన్నబుచ్చాలని కాదండి" అన్నాను. "తెలుసు" అంది. "కానీ ముందు నన్నడగాల్సింది." ఆవిడ అన్నదాంట్లో తప్పులేదు. ఆవిడ ఉద్యోగం గురించి ఆవిడ లేనట్టే మేమంతా మాట్లాడుకున్నాం, మంచి చేస్తున్నాననుకున్న నేను కూడా. "అవునండి, అడగాల్సింది" అన్నాను. ఆ తర్వాత కాల్‌లో కెమెరా వెలిగింది.

పుష్యమాసం వచ్చింది. ఆ నెల పెళ్లిళ్లుండవు కాబట్టి కింద హాలుకి తాళం. ఆఫీసు అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దంలో ఒక మధ్యాహ్నం అసలు చలి దిగింది. ఇక్కడ ఫ్యాన్లు తిరుగుతున్నాయి. అక్కడ ఊపిరి వదిలితే మీసాల మీదే గడ్డకట్టే చలి. ఫోన్లు వానచినుకుల్లా మొదలై జడివానయ్యాయి. నేను ఆవిణ్ని చూశాను. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది. ఏమీ అనదలుచుకోలేదని అర్థమైంది.

మొదటి గంటలోనే ప్రోగ్రాము ఆగిపోయింది. కార్తీకంలో ఆగినట్టే. కుర్రాడు చేతులు ఒకసారి ప్యాంటుకి తుడుచుకున్నాడు. తొందరపడి మళ్లీ మొదలుపెట్టలేదు. ముందు ఎదురుచూస్తున్నవాళ్లందరినీ, ఎవరెప్పుడు ఫోన్ చేశారో ఆ వేళతో సహా, పక్కకి తీసి భద్రం చేశాడు. రెండుసార్లు సరిచూశాడు. అప్పుడు మొదలుపెట్టాడు. వరుస చెదరలేదు. పొద్దున ముందు ఫోన్ చేసినామె ముందే ఉంది.

అటుపక్క అమ్మాయి ఒక మెకానిక్‌ని దీవికి పంపుతోంది. "అక్కడి నుంచి ఇంకా ఫోనే రాలేదు కదమ్మా" అన్నాను.

"వస్తుందండి. ఇంత చలిలో రాకుండా ఉంటుందా? పంటు వెళ్లిపోయాక వస్తే ఏం చేస్తామండి?"

"రాకపోతే?"

"రాకపోతే అతను కాఫీ తాగి తిరిగొస్తాడండి."

నేను తెర వైపు చూశాను. ఆవిడ పెదవి కదపలేదు. అమ్మాయి పంపేసింది. ఆఖరి పడవ వెళ్లిపోయాక దీవి నుంచి వరుసగా ఫోన్లు వచ్చాయి. అప్పటికే మెకానిక్ అక్కడున్నాడు.

ఇక్కడ పొద్దు వాలుతుండగా ఫోన్లు తగ్గుముఖం పట్టాయి. మాలో ఒక్కరం కూడా కుర్చీలోంచి లేవలేదని అప్పుడు గమనించాం. ఆ రోజంతా ఆవిడ ఒక్క మాట అనలేదు. ఏదో తప్పు పట్టుకుంటుందని ఎదురుచూస్తున్నాం.

"ఇవాళ పొద్దున్నే సూప్ కాచుకున్నాను" అంది చివరికి. "ఇలాంటి చలిరోజుల్లో అది సాయంత్రం దాకా టేబుల్ మీదే చల్లారిపోయి ఉండేది. ఎన్ని చలికాలాలు చల్లటి సూప్ తాగానో నాకే తెలియదు. ఇవాళ వేడిగా ఉండగానే తాగాను."

కళ్లద్దాలు సర్దుకుంది. మేం పొగడ్తలు చాలా విన్నాం, సర్టిఫికెట్లు ఈమెయిళ్లలో వచ్చిపడుతుండేవి. ఆ కప్పు సూప్ ముందు అవన్నీ నాకు గుర్తులేవు.

అక్కడ మంచు కరగడం మొదలయ్యాక ఆవిడే పెద్దాయనకి చెప్పింది, ఇక సంతకాలు పెట్టండని. మేం ఆవిడ ఉద్యోగాన్ని నిలబెట్టలేదు. మీరు అలా అనుకోకూడదు. పని చేతులు మారింది, మారే తీరింది. ఒక్క చలికాలం మాత్రం ఆగింది. ఆ చలికాలంలో ఆవిడ మమ్మల్ని తన కళ్లతో చూసి, తనకి తానుగా వదిలిపెట్టింది. పొమ్మంటే పోవడం వేరు, ఇక చాలని లేవడం వేరు. ఆ తేడా చిన్నదని ఎవరైనా అంటే నేను వాదించను.

చివరి కాల్‌లో సంతకాలయ్యాయి. పెద్దలు మాటలు చెప్పి వెళ్లిపోయారు. ఆవిడా మేమూ మిగిలాం. "మీరు ఇప్పుడేం చేస్తారండీ?" అని అమ్మాయి అడిగింది. "ముందు ఒక వారం నిద్రపోతాను. తర్వాత మా అక్క ఊరెళతాను. వాళ్ల తోటలో ఎప్పుడూ వసంతంలో ఉండలేదు నేను" అంది. ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచింది. మా పేర్లు ఆవిడ నోట్లో వంకర్లు తిరిగాయి, అయినా ఒక్కటీ మరిచిపోలేదు. చెయ్యి ఊపి, బటన్ కోసం కాసేపు వెతుక్కుని, వెళ్లిపోయింది.

కుర్రాడు ఖాళీ తెర వైపే చూస్తున్నాడు.

"మేడమ్" అంది అమ్మాయి. "రేపట్నుంచి అక్కడ ఏ ఇంట్లో హీటరు ఆగినా చూసుకోవాల్సింది మనమే కదండీ?"

"అవునమ్మా, మనమే."

"ఆయ్" అన్నాడు కుర్రాడు, ఎవరూ ఏమీ అడక్కపోయినా.

"అయితే రేపు కాస్త ముందే వస్తానండి" అని, ఆ అమ్మాయి తన కుర్చీని తెరకి దగ్గరగా జరుపుకుంది.